వేరుకాపరి

ఎర్రబీడు మైదానంలో పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లకు సన్నని అదురు తగిలేది. నేలలో వేరుకాపరి పని చేస్తోందని 2083 నాటికి గొర్రెలు కాసేవాళ్లకు కూడా తెలుసు.

వేరుకాపరి అంటే జొన్నగింజంత యంత్రాలు, లక్షల కొద్దీ. అవి మట్టిలో పాకుతూ ప్రతి వేరునూ రుచి చూస్తాయి. డీఎన్ఏను బట్టి అది ఏ మొక్కదో పోల్చుకుంటాయి. పరాయి దేశం నుంచి వచ్చి గడ్డినేలను మింగేసిన సర్కారు తుమ్మ అయితే, దాని నీటిదారులు మూసేస్తాయి. చెట్టు నిలువునా ఎండిపోతుంది. పక్కనున్న గడ్డిపరకకు ఏమీ కాదు.

దాన్ని తయారుచేసిన డాక్టర్ వకుళ ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోయింది. తుమ్మ పోయింది, గడ్డి లేచింది. ఎప్పుడో కనుమరుగైన బట్టమేక పిట్ట మళ్లీ గుడ్డు పెట్టిన రోజున ఆమె గడ్డిలో కూలబడి ఏడ్చింది. ఆమె భుజం పట్టుకున్నది సుంకులమ్మ.

సుంకులమ్మ వాళ్లు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చి బతికినవాళ్లు. ఆమె తాత ఎక్కడి నుంచో వచ్చి బట్టీ పెట్టాడు. చెట్టు పోతే బతుకు పోతుందని తెలిసీ, పిట్టల కాపలా పని ఇప్పిస్తానన్న వకుళ మాట నమ్మింది. వకుళ మాట నిలబెట్టుకుంది.

గుడ్డు పిల్లయి, దాన్ని చూడడానికి జనం, వాళ్లతో డబ్బూ రావడం మొదలయ్యాక ఆ కాపలా పని మీద ఊరి కన్ను పడింది. సర్పంచ్ మద్దిలేటి నలుగురిని వెంటేసుకుని ల్యాబ్‌కు వచ్చాడు.

"మేడం, మీ మిషన్ను ఒక మాట అడగల్ల. ఆ బట్టీలోల్లు ఈ నేలోల్లేనా?"

"అది చెట్లను గుర్తుపట్టే యంత్రం, మద్దిలేటి గారూ."

మట్టిలోని యంత్రాలు పొరపొరనూ తడిమి పంపే కబుర్లు అందుకునే ల్యాబ్‌లోని యంత్రం తనంతట తానే జవాబిచ్చింది. "బట్టీల బూడిద పొర అరవై ఏళ్లది. దాని కింద వాళ్ల ఆనవాళ్లు లేవు."

"ఇన్నారు గదా! తుమ్మతో వచ్చినోల్లు తుమ్మతోనే పోవల్ల."

"మరి ఊరి సంగతి?" వకుళ యంత్రాన్ని అడిగింది.

"ఊరి పునాదుల కింద కూడా గడ్డివేళ్లే ఉన్నాయి."

"చూశారా, మీరూ వచ్చినవాళ్లే," అంది వకుళ.

మద్దిలేటికి కోపం రాలేదు. కిటికీలోంచి చింతచెట్టును చూపించాడు. "అది ఈడి సెట్టేనా?"

"కాదు. చింత పుట్టిల్లు ఆఫ్రికా," అంది యంత్రం. "దాన్ని ముట్టవద్దని డాక్టర్ వకుళ ఆదేశించారు."

"అది ఎప్పటి నుంచో ఉంది. ఎవరికీ హాని చెయ్యదు," అంది వకుళ.

"మీకు కావల్సిన సెట్టును మీరు ఉంచుకున్నారు. మాకు కావల్సినోల్లను మేం ఉంచుకుంటాం," అని మద్దిలేటి లేచాడు.

ఊరు పొమ్మన్నాక బట్టీలవాళ్లు గుడిసెలు పీకి సామాను బండికెత్తుతుంటే వకుళ పరుగెత్తుకు వెళ్లింది. "కలెక్టరుతో మాట్లాడతాను సుంకులమ్మా, కాస్త ఆగు."

"ఆగి యాడుండల్లమ్మా? ఊర్లో పిల్లోల్లు గూడా మమ్మల్ని పరాయి కంప అంటాండారు. మీరు రాకముందు ఆ మాట లేదు." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అదే వకుళను కోసేసింది. "పిట్టపిల్ల తావుకు గొర్రెల్ని రానీగాకండి," అని సుంకులమ్మ బండెక్కింది.

దుమ్ము అణిగాక వకుళ ల్యాబ్‌కు తిరిగొచ్చి యంత్రాన్ని ఆపేయడానికి చెయ్యి చాచింది. ఆపేస్తే మట్టిలో నిద్రపోతున్న తుమ్మ గింజలన్నీ లేస్తాయి. పిట్టపిల్లకు ఇంకా రెక్కలు రాలేదు.

"డాక్టర్, ఊరి నుంచి కొత్త ప్రశ్న వచ్చింది," అంది యంత్రం. "పడమటి వీధివాళ్లు అడుగుతున్నారు, తూర్పు వీధివాళ్లు ఎప్పుడు వచ్చారని. చెప్పమంటారా?"