లోపలి గదుల తాళాలు

తెల్లవారగానే ఆ తల్లి ముందుగా వంటింట్లోకి వెళ్ళి, గ్యాస్ వాసన వస్తోందేమోనని గాలి పీల్చి చూస్తుంది. తర్వాత వీధి తలుపు గడియ. ఆ తర్వాత పిల్లలిద్దరి గదుల ముందు ఆగి వాళ్ళ ఊపిరి వింటుంది. పిల్లలంటే చంటివాళ్ళేం కాదు. పెద్దది పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. చిన్నవాడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తాడు. అయినా తల్లి భయానికి వయసుతో పనేముంది?

ఆ రోజు ఆమెకు ఇంకో పని కూడా ఉంది. ఫోను తీసి, టీవీ కింద ఉన్న నల్లటి స్టోరేజ్ పెట్టెకు తను వేసిన తాళాన్ని గుట్టుగా తీసేసింది.

ఇంటిల్లిపాది ఫొటోలూ, కూతురి బొమ్మలూ, కొడుకు కొండలెక్కినప్పటి వీడియోలూ అన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. కొన్నప్పుడు దాని పెత్తనం ఎవరిదని అక్కాతమ్ముళ్ళు కొట్టుకున్నారు. "బీరువా తాళాలు అమ్మ దగ్గరుంటాయిగా, ఇదీ అంతే" అని కొడుకే తగవు తీర్చాడు. ఎవరికి ఏది తెరుచుకోవాలో ఆమె ఫోనులోంచి ఎలా చెప్పాలో నేర్పాడు కూడా. ఆమె ఎప్పటికైనా దాన్ని ముట్టుకుంటుందని ఇద్దరూ అనుకోలేదు.

నిన్న సాయంత్రం పెట్టె నిండిపోయింది. కొత్త బొమ్మలు పట్టడం లేదని అక్క, చోటంతా నీ బొమ్మలే మింగాయని తమ్ముడు. "అన్నీ తుడిచేస్తే పీడా పోతుంది!" అని వాడు విసురుగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ముఖం గంటు పెట్టుకుని ఏదేదో నొక్కుతున్న కొడుకును చూసి తల్లికి భయమేసింది. అన్నంత పనీ చేస్తాడా ఏమిటి? వాడు స్నానానికి లేవగానే, ఫోల్డర్లన్నిటికీ ఇద్దరి అనుమతులూ తీసేసింది. పొద్దున్నే తిరిగి ఇచ్చేసింది. ఇచ్చేశాననే అనుకుంది.

పాలు పొంగుతుండగా కూతురి కేక వినిపించింది.

"అమ్మా! నా బొమ్మలు తెరుచుకోవట్లేదు! నాకు అనుమతి లేదంటోంది. ఇవాళ మధ్యాహ్నానికి ప్రింటుకి పంపాలి!"

నోట్లో బ్రష్షుతోనే కొడుకు పరుగెత్తుకొచ్చాడు. పెట్టెను ఆపి మళ్ళీ వేశాడు. వైర్లు కదిపి చూశాడు. తన కంప్యూటర్లోంచీ ప్రయత్నించాడు.

"పై ఫోల్డర్ తెరుచుకుంటోందక్కా. లోపలివే రావట్లేదు. నా ఫోల్డరూ అంతే. డిస్కు పాడైతే ఇలా ఉండదు. ఎవరో అనుమతులు మార్చారు."

"ఎవరో ఏంట్రా ఎవరో! తుడిచేస్తానని ఎగిరింది ఎవరు?"

"అంటే, నేనా?"

"కాకపోతే పక్కింటి పిల్లి వచ్చి మార్చిందా?"

"అమ్మ మార్చిందేమో అడుగు" అని వాడు నవ్వబోయాడు.

"అమ్మకేం తెలుసురా పాపం! టీవీ రిమోట్ తలకిందులుగా పట్టుకునే మనిషి."

ఇంకెప్పుడైనా అయితే ఆ మాటకు తల్లి చిన్నబుచ్చుకునేది. ఇవాళ ఆ మాట చాటునే నక్కింది.

"సరే, నీ ఫోను ఇలా ఇవ్వమ్మా. పెత్తనం దానికేగా ఉంది, చూస్తాను."

"చార్జింగ్ లేదురా చిన్నా." పిడికిట్లోని ఫోను వీపు వెనక్కి పోయింది. ఇప్పుడు ఇస్తే, నిన్న తను ఎవరిని చూసి భయపడిందో చెప్పాలి.

కూతురికి ఏడుపు తన్నుకొచ్చింది. "నెలల తరబడి కష్టపడ్డాన్రా. నిన్ను తమ్ముడని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది."

వాడు లోపలికి వెళ్ళి ముఖం కడుక్కుని, బ్యాగులో రెండు జతల బట్టలు కుక్కుకొని వచ్చాడు.

"షాపు మీద గది ఖాళీగా ఉంది. ఇక అక్కడే ఉంటాను. కోపంలో ఏదో అన్నాను, నిజమే. కానీ చేసేవాడినని ఇంట్లో ఎవరూ అనుకోరనుకున్నా." చెప్పులు వేసుకుంటూ తల్లి వైపు చూశాడు. "నువ్వైనా అనుకోవు కదమ్మా?"

తల్లి గడప దగ్గరే కూలబడి ఫోను ముందుకు చాపింది.

"నేనే అనుకున్నాన్రా. అందరికంటే ముందు నేనే అనుకున్నాను. నువ్వు తుడిచేస్తావని భయపడి తాళం వేశాను. నిన్ను నానా మాటలూ అంటుంటే గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాను. కన్నతల్లినేనా నేను?"

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడి కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత చెప్పులు విడిచి, ఫోను అందుకొని తల్లి పక్కనే కూర్చున్నాడు.

"వేసేటప్పుడు ఈ కింది గడి నొక్కావు, లోపలివాటికి కూడా అని. తీసేటప్పుడు నొక్కలేదు. వీధి తలుపు తీసి, లోపలి గదుల తాళాలు వదిలేశావన్నమాట." ఫోను తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే నొక్కు."

"నా చేత్తో వద్దురా బాబూ."

"నువ్వే నొక్కమ్మా."

తల్లి నొక్కింది. కాసేపటికి కూతురి బొమ్మలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. ఆమె గబగబా ప్రింటువాళ్ళకు పంపడం మొదలుపెట్టి, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఇదేంటి, ఇంత చోటెక్కడిది? నిన్న పెట్టె నిండిపోయింది కదా?"

తమ్ముడు ముఖం తిప్పుకున్నాడు. అనుమానంగా వాడి ఫోల్డర్ తెరిచింది. లోపల ఏమీ లేదు. కొండలు లేవు, మంచు లేదు, శిఖరం మీద నిలబడి వాడు అరిచిన అరుపు లేదు.

"నీవి తుడిచేశావా?"

"నీ బొమ్మలకి చోటు కావాలన్నావుగా. ఫ్రెండు దగ్గర కొన్ని ఉన్నాయిలే." బ్యాగు జిప్పుతో ఆడుకుంటూ అన్నాడు.

అక్క వచ్చి వాడి నెత్తిన ఒక్కటి మొట్టి, ఆ తలనే పట్టుకొని ఏడ్చింది. "నోరు మంచిది కాదురా నాది."

"ఇప్పుడా తెలిసింది?" అన్నాడు వాడు.

తల్లి మాత్రం తలెత్తలేదు. నిన్న ముఖం గంటు పెట్టుకుని వాడు తుడుస్తున్నవి తన సొంత వీడియోలే.

"ఈ పెత్తనం నాకొద్దురా. నువ్వే తీసుకో."

"నీ దగ్గరే ఉండనీ. ఈసారి భయమేస్తే పెట్టెకి తాళం వెయ్యకు, నన్ను పిలిచి అడుగు." బ్యాగులోని బట్టలు తీసి కుర్చీ మీద పడేసి, షాపుకు బయలుదేరాడు.

"సాయంత్రం వస్తావుగా?" రోజూ అడిగే మాటే.

"రాక ఎక్కడికి పోతాను?"

వాడు వీధి మలుపు తిరిగాక తలుపు దగ్గరగా వేసింది. అలవాటుగా చెయ్యి గడియ మీదికి పోయింది. కాసేపు అలాగే పట్టుకొని నిలబడి, వెయ్యకుండానే వెనక్కి తిరిగింది.