ఒక్క 'ఆయ్'

బెన్నీ పరిగెడుతున్నాడు!

వెనక అడుగుల చప్పుడు... దగ్గరవుతోంది.

పొద్దున్న పదకొండవుతున్నా ఈ టీ తోటల ఊళ్లో మంచు విడలేదు. తెల్లదొరల కాలం నాటి బజారు వీధి. రెండువైపులా పాత చెక్క మేడలు. వాటి ముందు ఫోటోలు దిగుతున్న టూరిస్టులను తోసుకుంటూ పోతున్నాడు.

"ఆగండీ!"

ఖాకీ చొక్కా మనిషి... ఆగితే జైలే!

అంతా ఒక్క మాట తెచ్చిన చేటు.

మూడేళ్లుగా ఈ వీధిలోనే టీపొడి కొట్లో పని. ఇక్కడ పెట్టుకున్న పేరు రాజన్. మాట తమిళం. తెలుగు బస్సు ఆగిందంటే చాలు, గోడౌన్‌లో దూరిపోయేవాడు. ఇవాళ తలొంచుకుని పొట్లాలు కడుతుంటే ఎదురుగా ఎవరో తెలుగులో, "ఓ కేజీ కట్టండి" అన్నారు.

"ఆయ్" అన్నాడు బెన్నీ.

అనేశాడు! కోనసీమవాడు నిద్రలో కూడా అనే మాట. తలెత్తితే ఖాకీ చొక్కా. మీది మావైపేనా అని అడుగుతున్నాడు. అతని వెనక ఓ ఆడమనిషి తొంగి చూసింది.

అమ్మాజీ! వెంకన్న భార్య!

ఒక్క గెంతులో కౌంటర్ దూకేశాడు.

వీధి చివర రాతిమెట్లు. పాకుడు... కాలు జారింది!

మోకాలు చిట్లింది. లేవొచ్చు. లేవబుద్ధి కావడం లేదు.

మూడేళ్ల కిందటి సాయంత్రం. సఖినేటిపల్లి రేవు. గోదావరి దాటే పంటు మీద స్నేహితుడు వెంకన్న ఏదో వేళాకోళమాడాడు. నలుగురూ నవ్వారు. బెన్నీకి ఒళ్లు మండింది. తర్వాత పంటు చివర, ఎవరూ చూడనిచోట... ఒక్క తోపు!

నీళ్లలోంచి ఓ చెయ్యి లేచింది, మునిగిపోయింది. బెన్నీ కేక వెయ్యలేదు. ఆ వెయ్యని కేకే ఇన్నాళ్లూ అతన్ని నిద్రపోనివ్వలేదు.

ఖాకీ చొక్కా మనిషి రొప్పుతూ వచ్చాడు. వెనకే అమ్మాజీ.

బెన్నీ రెండు చేతులూ చాపాడు.

"బేడీలేసెయ్యండి. వెంకన్నని నేనే గోదాట్లోకి తోసేనండి. కేక కూడా వెయ్యలేదండి."

ఆ మనిషి తెల్లబోయాడు.

"బేడీలేంటండీ? నేను టూరిస్టు బస్సు డ్రైవర్నండి, చిట్టిబాబంటారు. అమ్మాజీగారి ఆయనకి స్నేహితులంట కదా మీరు. ఈవిడ పలకరిస్తానంటేను, ఆపుదారని వచ్చేను."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు బెన్నీ!

అమ్మాజీ కదల్లేదు.

"కాలు జారి పడిపోయేరన్నారు పోలీసులు. తాగి పడ్డేరంది ఊరు. మూడేళ్లు... ఆయన్నే తిట్టుకున్నానండి."

బెన్నీ తల వాలిపోయింది. దీనికంటే ఆవిడ కొట్టినా బాగుండేది.

అమ్మాజీ కళ్లు తుడుచుకుంది. పోలీస్ స్టేషన్ ఎటో కనుక్కోమని చిట్టిబాబుకి చెప్పింది. తర్వాత బెన్నీ వైపు తిరిగింది.

"మీరు వస్తారా, మళ్లీ పరిగెడతారా?"

మంచులో దారి తెరిచే ఉంది. బెన్నీ కుంటుతూ లేచాడు... ఆవిడ వైపే ఒక అడుగు వేశాడు.

"ఆయ్... వస్తానండి."