ధార చెప్పిన మందు

"కూర్చోండి. తొందర లేదు. నేను వింటున్నాను," అంది ధార.

"ఓయమ్మో, వింటుందటక్కా!" అంటూ రిజ్వానా తలుపు తీసుకుని బయటికి పరిగెత్తుకొచ్చింది. వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళందరూ ఘొల్లున నవ్వారు. యువ శాస్త్రవేత్త డాక్టర్ తారకేశ్వర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"వినేది మెషిన్ అమ్మా, మనిషి కాదు," అన్నాడు.

"మనిషైతే మర్యాదకైనా చెవులు మూసుకునేవాడు కద సార్!" అంది రిజ్వానా.

ఈ ముచ్చట జరిగింది పట్టుబజారులో. అప్పటికి ఆ బజారు చాలా మారిపోయింది. పైన తీగల మీద బండ్లు తిరుగుతున్నాయి. దుకాణంలో అడుగుపెట్టి అద్దం ముందు నిలబడితే చాలు, వెలుగుతో నేసిన చీర ఒంటిమీద వాలుతుంది. చెయ్యి ఊపితే రంగు మారుతుంది. అయినా, వెలుగు చీర నచ్చాక అసలు చీర తీసి, మడత విప్పి, కుచ్చిళ్ళు పట్టి చూపించడానికి మాత్రం మనిషే కావాలి. ఆ మనిషి పొద్దున్న పది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడే ఉండాలి. ఆ సంగతి ఒక్కటీ మారలేదు.

ఇక ధార అనే ఆ మెషిన్ సంగతి. మూత్రాశయం అంటే కడుపు కింద ఉండే చిన్న రబ్బరు బుడగ అనుకోండి. నిండితే కబురు పెడుతుంది, వెళితే పూర్తిగా ఖాళీ అవుతుంది. ఏళ్ళ తరబడి గంటలకొద్దీ బిగబట్టుకుంటే ఆ బుడగ సాగి, వదులైపోతుంది. అడుగున కొంత మిగిలిపోతుంది. నిలవ ఉన్న నీటికి పురుగు పట్టినట్టు అక్కడ ఇన్ఫెక్షన్ పుడుతుంది. పూర్వం ఇది తేల్చడానికి సీసాలో పట్టి ఇవ్వడం, స్కానింగ్, కొందరికి లోపలికి సన్నని గొట్టం, ఇంత తతంగం ఉండేది. ధారకు అవేమీ అక్కర్లేదు. అది తెల్లటి సీటు, అంతే. పడే ధార చప్పుడు విని తెరమీద గీత గీస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఆ గీత చిన్నపిల్లలు గీసే కొండలా లేచి దిగుతుంది. అడ్డు ఉన్నవాళ్ళకు పొలం గట్టులా బల్లపరుపుగా సాగుతుంది. లోపల ఎంత మిగిలిందో ధ్వని తరంగాలతో కొలుస్తుంది. ఒక్క బొట్టును వెలుగులో చూసి ఇన్ఫెక్షన్ ఉందో లేదో చెబుతుంది.

తారకేశ్వర్ పనిచేసే పరిశోధన సంస్థ వాళ్ళు ఆ సీటును ఒక చిన్న గదిలో అమర్చి, బజారు మధ్యలో పెట్టి, పైన 'మూత్ర పరీక్షా కేంద్రం' అని బోర్డు కట్టారు.

రిజ్వానా తర్వాత లోపలికి వెళ్ళింది మౌనిక. శేషగిరి గారి దుకాణంలో ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది. కుచ్చిళ్ళు పట్టడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఏడాదిలో మూడుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చి, మూడోసారి అది కిడ్నీకి ఎక్కి, పదకొండు రోజులు ఆస్పత్రిలో పడుకుంది. ఇంకోసారి వస్తే కిడ్నీకే ముప్పు, ఉద్యోగం మాట మరిచిపోవాల్సిందే అన్నారు అక్కడి డాక్టర్లు.

"మౌనిక గారూ, లోపల నూట ఎనభై మిల్లీలీటర్లు మిగిలింది. ఇన్ఫెక్షన్ ఉంది," అంది ధార. "డాక్టరు ఇచ్చే మందు వాడండి. నీళ్ళు బాగా తాగండి. మూడు గంటలకోసారి మూత్రానికి వెళ్ళండి."

"ఎక్కడికి వెళ్ళాలో కూడా చెప్పు తల్లీ," అంది మౌనిక.

"ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు," అంది ధార.

అర్థమవడానికి అది పట్టుబజారులో పుట్టలేదు కదా! రెండువందల దుకాణాలకు ఒకటే మరుగుదొడ్డి, బజారు ఆ చివర. తలుపుకు గడియ లేదు, కుళాయికి నీళ్ళు లేవు. ఒకరు వెళితే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడాలి. ఇద్దరు కదిలితే శేషగిరి గారు "బేరం వదిలి ఎక్కడికమ్మా?" అనేవారు. అందుకని అక్కడి ఆడవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంట్లో బయలుదేరింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా నీళ్ళు ముట్టుకోరు.

మర్నాడు ఒంటిగంటకు మౌనిక శేషగిరి గారి ముందు నిలబడింది.

"మూడు గంటలకోసారి టెస్టుకు వెళ్ళాలండి."

"టెస్టా?" అన్నారాయన. మరుగుదొడ్డికి అంటే కసురుకోవచ్చు, టెస్టుకి అంటే ఎలా కసురుకుంటారు? "సరే, వెళ్ళిరా."

వారం తిరిగేసరికి బజారంతా టెస్టుకు వెళ్ళడం మొదలుపెట్టింది. "అక్కా, టెస్టుకెళ్ళొస్తా, ఈ కస్టమర్ని చూడు," అని అందరి ముందూ తలెత్తుకుని చెప్పేవారు.

మొదటి నెల పరీక్ష చేసిన అరవైనాలుగు మందిలో నలభైఒక్కరికి ఇబ్బంది తేలింది. మూడో నెలకు ఆరుగురే మిగిలారు. వాళ్ళలో మౌనిక లేదు. ఆమె గీత చక్కటి కొండలా లేచింది.

తారకేశ్వర్‌కు సంతోషంతో పాటు అనుమానం వచ్చింది. ధార పరీక్షే చేస్తుంది, వైద్యం చేయదు. మందులు వాడినవాళ్ళకు తగ్గిందంటే సరే, మళ్ళీ ఎందుకు రావడం లేదు? ఆ ధ్వని తరంగాల్లోనే ఏదో గుణం ఉండాలి! ఎవరికీ చెప్పకుండా ధారను ఆపేశాడు. రెండు వారాలు పాతకాలపు పద్ధతిలో, రంగు మారే కాగితం పట్టీలతో పరీక్షలు చేశాడు. ఎవరికీ జబ్బు తిరగబెట్టలేదు.

మౌనికను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మెషిన్ ఆపేశానమ్మా. అయినా మీరంతా బాగున్నారు. మరి నయం చేస్తున్నదేమిటి?"

"ఆపిన రోజే తెలిసింది సార్. 'వింటున్నాను' అనే గొంతు రాలేదు. ప్రాణం హాయిగా ఉంది," అంటూ ఆమె నవ్వి, అతన్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసి గడియ పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది.

"ఇదండీ మీ తరంగం. ఆ పక్కనున్న కుళాయి రెండోది."

తారకేశ్వర్ తనూ ఒకసారి ఆ గడియ పెట్టి తీశాడు. అతని జేబులో సంస్థ డైరెక్టరు గారి ఉత్తర్వు ఉంది: 'అక్కడ రోగులు తగ్గారు కనుక కేంద్రాన్ని నెలాఖరుకు వేరే చోటికి తరలించండి.' అది చదివి వినిపించాడు.

మౌనిక నవ్వు ఆగిపోయింది. "గది కూడానా సార్?"

"గది కూడా."

"అయితే నా మంచినీళ్ళ సీసా మళ్ళీ ఇంట్లో పెట్టి రావాలి," అందామె మెల్లగా.

ఆ సాయంత్రమే అతను నివేదిక రాశాడు. 'ఈ కేంద్రం తీసేస్తే జబ్బు తిరిగి వస్తుంది. అన్ని బజార్లలోనూ ఇలాంటివి వెంటనే పెట్టాలి. తలుపు, గడియ, నీళ్ళు తప్పనిసరి. మెషిన్ వీలును బట్టి.' ఒక్క అబద్ధమూ లేదు. చిత్రమేమిటంటే, నలభై ఏళ్ళుగా మరుగుదొడ్డి అడిగితే స్థలం లేదన్న నగరమే, పరీక్షా కేంద్రం అనేసరికి నెల తిరక్కుండా పద్దెనిమిది చోట్ల స్థలం చూపించింది. పట్టుబజారు గది కదలలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం శేషగిరి గారు ఆ గది ముందు కాలు మార్చి కాలు మీద నిలబడి ఉన్నారు.

"లోపల ఎవరమ్మా?"

"రిజ్వానా అండి. టెస్టు జరుగుతోంది," అంది మౌనిక.

"ఇంకా ఎంతసేపు?"

"తొందరపెట్టకూడదండి. గీత సరిగ్గా రాదు."

రిజ్వానా బయటికొచ్చాక ఆయన పక్కనే ఉన్న తారకేశ్వర్‌తో గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, ఆ మెషిన్ ఒకసారి ఆన్ చేస్తారా?" అన్నారు.

"కూర్చోండి. తొందర లేదు. నేను వింటున్నాను," అంది ధార. చాలాసేపే వినాల్సి వచ్చింది దానికి. చివరికి తెరమీద పొలం గట్టులాంటి గీత సన్నగా, పొడుగ్గా సాగింది.

"ప్రోస్టేట్ ఉబ్బి దారికి అడ్డం పడుతున్నట్టుందండీ," అన్నాడు తారకేశ్వర్. "భయం లేదు, మందులున్నాయి. కానీ ఇది ఏళ్ళనాటి బాధ. ఇన్నాళ్ళూ ఎందుకు చూపించుకోలేదు?"

శేషగిరి గారు చెమట తుడుచుకున్నారు. "బేరం వదిలి ఎక్కడికి వెళ్ళమంటారు సార్?"

మౌనిక తన మంచినీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది.