గురిలో పాత స్నేహితుడు

"కాల్చాల్సింది మన మనిషినే," అంటూ చీఫ్ ఫోటో బల్లమీదికి తోశాడు. "మాజీ సైనికుడు. చెయ్యగలవా?"

ఫోటో చూడగానే ఏజెంట్ కొంగ గుండె ఒక్కసారి ఎగిరిపడింది. బాధతో మాత్రం కాదు. ఆ సంగతి బయటపడకుండా ముఖం గంభీరంగా పెట్టాడు.

ఫోటోలోని మనిషిని పటాలంలో అందరూ మేస్త్రి అనేవారు. ఏది పాడైనా బాగుచేసేవాడు. అతనూ కొంగా ఒకే ట్రక్కులో ఆ దూరదేశపు యుద్ధానికి వెళ్ళారు. జనానికి గిట్టని యుద్ధం అది. తిరిగొచ్చిన రోజు స్టేషన్లో బ్యాండు మేళం లేదు. యూనిఫారాలు విప్పేసి గూడ్సు గేటులోంచి వెళ్ళిపొమ్మన్నారు. ఉద్యోగానికి వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న: "అక్కడ ఎంతమందిని చంపావ్?" మేస్త్రికి ఎడమకాలు అక్కడే పోయింది. కొంగకి కాళ్ళూ చేతులూ మిగిలాయి గానీ నోరు పడిపోయింది. రోజుల తరబడి భార్యతో ఒక్క మాట ఆడేవాడు కాదు. నర్సుగా పనిచేసే ఆమె ఓపిక ఉన్నన్నాళ్ళు ఉండి, వెళ్ళిపోయింది. తర్వాత మేస్త్రిని పెళ్ళాడింది.

"ఆదివారం టౌన్‌హాలు ముందు యుద్ధ స్మారకం ఆవిష్కరణ," అన్నాడు చీఫ్. "మాజీ సైనికులూ, యుద్ధం వద్దని రోడ్డెక్కిన తల్లులూ మొదటిసారి ఒకే వేదిక ఎక్కుతున్నారు. దాన్ని పాడుచెయ్యాలని ఓ విదేశీ ముఠా కాచుకునుంది. మేస్త్రి పెట్టుడు కాల్లో బాంబు ఉందని ఇన్ఫర్మేషన్."

"ఎవరిచ్చారు సార్?"

"వెల్వెట్."

వెల్వెట్ రేడియో గాయని. ఆమె గొంతు తెలియని ఇల్లు లేదు. ముఠాలో చేరినట్టు నటిస్తూ డిపార్ట్‌మెంటుకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

కొంగ రంగులు వేసేవాడి వేషంలో మేస్త్రి వర్క్‌షాపుకి ఎదురు మేడమీద గది పట్టాడు. మేస్త్రి అక్కడ పెట్టుడు కాళ్ళు తయారు చేస్తాడు. అతని టెలిఫోన్లో అమర్చిన మైక్ కొంగ చెవిలో గుసగుసలాడుతూనే ఉంది. కానీ బాంబు మాట వినపడలేదు. ఆకురాయి చప్పుడు వినిపించింది. మేస్త్రి భార్య నవ్వు వినిపించింది. కొంగ ఇంట్లో ఆమె అలా నవ్విన గుర్తు లేదు. మేస్త్రి ఆమెకి యుద్ధం గురించి చెప్పేవాడు, కాలిన ఊళ్ళ గురించి, తను చేసిన పనుల గురించి. మధ్యలో ఆగి, ముక్కు చీదుకుని, మళ్ళీ చెప్పేవాడు. అన్నం తిన్నాక బెంచీమీదే గురకపెట్టి నిద్రపోయేవాడు.

ఆ గురకకి కొంగ ఒళ్ళు మండిపోయింది. తనకి మాత్ర లేనిదే కన్ను మూతపడదు. వీడేమో పట్టపగలు, అదీ చెక్క బెంచీమీద! ఆమె వెళ్ళిపోయినప్పుడు కూడా ఇంత కుళ్ళు పుట్టలేదు.

"ఏమైనా తెలిసిందా?" అని వైర్‌లెస్‌లో అడిగాడు చీఫ్.

ఏమీ లేదనాలి. "అనుమానం బలపడుతోంది సార్," అన్నాడు కొంగ.

శనివారం కాఫీ హోటల్లో నల్ల కళ్ళద్దాల ఆడమనిషి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఈ మూల గాలి ఆడటం లేదు."

"కిటికీ తీస్తే దుమ్ము," అన్నాడు కొంగ. కోడ్ కుదిరింది.

వెల్వెట్ ముందుకి వంగింది. "రేపు పాట మొదలెట్టే ముందు నా తెల్ల స్కార్ఫ్ తీస్తాను. అదే సిగ్నల్. అప్పటికి నేను దూరంగా జరిగిపోతాను. ఆ బాంబు పేలితే వేదిక మొత్తం లేచిపోతుంది." లేస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అంది, "మీ ఆవిడ... సారీ, అతని భార్య... ఈమధ్య భలే కళగా ఉంది."

ఆదివారం పొద్దున టౌన్‌హాలు ఎదురుగా ఉన్న లైబ్రరీ కిటికీలో కొంగ రైఫిల్ బిగించుకున్నాడు. మేస్త్రి కుంటుకుంటూ వేదికెక్కాడు. ఓ ముసలి తల్లి అతని చెయ్యి పట్టుకుంది. మైకులో ఆమె మాట కూడలంతా వినిపించింది.

"నాయనా, నా కొడుకు నీ పక్కనే పోయాడట గదా. చివర్లో ఏమన్నాడు?"

"అన్నీ చెప్తానమ్మా. ముందు కూర్చో."

అతని భార్య మోకాళ్ళమీద వంగి మేస్త్రి కాలి పట్టీ బిగించి కట్టింది. కొంగకి కళ్ళు ఎరుపెక్కాయి. గురి సరిగ్గా మేస్త్రి నుదుటి మీదికి తెచ్చాడు. వెల్వెట్ స్కార్ఫ్ తీసింది.

"ఫైర్," అంది చెవిలో చీఫ్ గొంతు.

వేలు ట్రిగ్గర్ మీద సగం నొక్కుకుంది. అంతలో టెలిస్కోప్ అంచున తెల్లగా ఏదో కదిలింది. స్కార్ఫ్! వెల్వెట్ మేస్త్రిని ఆనుకుని నిలబడి ఉంది. దూరం జరగలేదు. పైగా ఆమె చూస్తున్నది ఆ కాలిని కాదు, కిటికీని. కింద జనంలో ఒక్క ఫోటోగ్రాఫర్ మాత్రం వేదికకి వీపు పెట్టి, కెమెరా కిటికీ వైపే ఎక్కుపెట్టాడు.

కొంగకి ఒక్కసారిగా అర్థమైంది. సర్కారు మనిషి ఓ కుంటి సైనికుణ్ణి తల్లుల కళ్ళముందు కాల్చిన ఫోటో! ఇన్నేళ్ళకి కలవబోతున్న జనం రేపటికల్లా మళ్ళీ ఒకళ్ళ పీకలు ఒకళ్ళు పట్టుకుంటారు. బాంబు లేదు. ముఠా నమ్ముకున్నది కొంగ కడుపుమంటని.

"ఫైర్! ఏం చేస్తున్నావ్?"

వేలు తీసేశాడు. "కాల్చను సార్. కాల్లో ఏమీ లేదు. వెల్వెట్‌ని పట్టుకోండి, నా కిటికీని ఫోటో తీస్తున్నవాణ్ణి కూడా."

మఫ్టీలో ఉన్న ఇద్దరు వెల్వెట్‌ని చెరో పక్కా పట్టుకుని, ఎంతో మర్యాదగా వేదిక వెనక్కి నడిపించారు. గాయనికి గొంతు బాగాలేదని మైకులో చెప్పారు. ఫోటోగ్రాఫర్ సందు మలుపు దాటకముందే దొరికాడు.

"అన్ని రోజులు కాపు కాశావు. ఏం విన్నావ్?" అని తర్వాత చీఫ్ నిలదీశాడు.

"మొగుడూ పెళ్ళాల కబుర్లు సార్."

"మరి అనుమానం?"

"అది నాదే సార్."

చీఫ్ ఫైలు మూసి సొరుగులో పెట్టాడు.

సాయంత్రం కూడలి దాటుతుంటే వెనకనించి కేక వినిపించింది. "ఒరేయ్! బతికే ఉన్నావా?" మేస్త్రి గబగబా కుంటుతూ వచ్చి కౌగిలించుకున్నాడు. వెనకే ఆమె.

"ఎలా ఉన్నావ్?" అంది.

బాగున్నాననే అనబోయాడు. "నిద్ర పట్టడం లేదు," అన్నాడు. అతని నోటినుంచి ఆమె విన్న మొదటి నిజం అది.

"రాత్రిళ్ళు మాకెవరికి పట్టిందిరా!" అన్నాడు మేస్త్రి. "గురువారాలు మనవాళ్ళంతా షాపులో కూర్చుంటాం. రా. మాట్లాడకపోయినా పర్లేదు, ఊరికే కూర్చో."

మర్నాడు చీఫ్ పేపర్ అందించాడు. మొదటి పేజీలో మేస్త్రి, ముసలి తల్లి చేతిలో చెయ్యేసి. "నీ పేరు ఎక్కడా రాదు. తెలుసుగా?"

"పేరు వద్దు సార్." కొంగ ఫోటోని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "బాగానే పడ్డాడు. ఆ కోటు మాత్రం వెధవకి బొత్తిగా నప్పలేదు."