నీడచేప

కడలిపురంలో కిటికీ తెరవడమన్న మాటే లేదు. కిటికీకి అవతల సముద్రం. భూమ్మీద ఎండలు మనిషి ఓర్చుకోలేనంత ముదిరాక, కాకినాడకు ఎంతో దూరాన నీటి అడుగున కట్టిన ఊరది. గాలి గొట్టాల్లో వస్తుంది, పగలు దీపాల్లోంచి వస్తుంది, మంచినీళ్లు ఉప్పునీళ్లలోంచి వడగట్టుకోవాలి. మనుషులు మాత్రం పాతవాళ్లే.

భోజనశాల మధ్యలో గోడంత గాజుతొట్టి ఉంది. దాన్ని చూసుకునేది నూకరత్నం. ఏడాది నిండని కూతురు బుల్లిని చంకనేసుకునే మెట్లెక్కుతుంది, నీళ్లలో ఉప్పు కొలుస్తుంది, రాళ్ల మీద పాచి గీకుతుంది.

"ఆ పిల్లని గదిలో పడుకోబెట్టి రారాదటే? నడుం విరుగుద్ది," అంది వంటశాల అచ్చియ్యమ్మ.

"అమ్మో, వద్దు పిన్నీ. ఎదురుగది గవర్రాజుది. ఊళ్లో ఏం చెడినా వాడి పనేగా. మా ఆయనేమో పైన ఓడ డ్యూటీలో ఉండిపోయారు. పిల్లని ఒక్కదాన్నీ ఎట్టా వదిలేది?"

తొట్టిలో ఉన్నవన్నీ కొట్లాటకోరు చేపలే. ట్రిగ్గర్ చేప, లయన్ ఫిష్, గ్రూపర్. పైన సముద్రం వేడెక్కి చచ్చిపోగా మిగిలిన విత్తనం ఇదే. ఒకదాన్నొకటి చంపుకుంటే ఇక ఆ జాతి లేదు. పూర్వం ఇలాంటి చేపల్ని పెంచేవాళ్లకు కొన్ని కిటుకులుండేవి. అన్నిటికంటే పొగరుమోతుని తొట్టిలోకి చివర వదలాలి. కొత్తది వచ్చినప్పుడల్లా రాళ్లన్నీ జరిపెయ్యాలి, ఏ చేపకీ తన ఇల్లేదో గుర్తుండకుండా. అప్పటికీ వినకపోతే గాజుకి అద్దం ఆనిస్తే సరి, పాత చేప తన నీడతోనే కలబడుతూ కొత్తదాని సంగతి మరిచిపోయేది.

ఆ అద్దంలోంచే పుట్టింది నీడచేప. అదొక హోలోగ్రామ్, వెలుతురుతో చేసిన బొమ్మ. ఊరిని చూసుకునే యంత్రమేధ పేరు కాపరి. అది చేపల రెక్కలు నిక్కడం చూసి కోపం పసిగడుతుంది. వెంటనే ఖాళీ మూలన నీడచేపని వేస్తుంది. అన్నీ కలిసి దాని మీద పడతాయి, అలిసేదాకా ఉత్త నీళ్లని కొరుకుతాయి, తరిమేశామనుకుని తిరిగొస్తాయి. ఒక్క పొలుసు రాలదు.

ఆ పొద్దున కుళాయి నీళ్లు ఉప్పగా వచ్చాయి. వాటితో కలిపిన పాలు తాగి బుల్లి వరసగా కక్కింది. రత్నం పిల్లని భుజానేసుకుని భోజనశాలకి వచ్చేసరికి జనం కేకలేస్తున్నారు.

"ఎవడి పనో వేరే చెప్పాలేంటి?" అన్నాడు గొట్టాల పనివాడు అప్పలకొండ. చేతిలో ఇనప రెంచి ఉంది. "మొన్న నడవ చివర వెళ్తుంటే ఆ గవర్రాజు వీపు చూశాను. ఆ నడకే దొంగనడక!"

"పసిపిల్ల తాగే నీళ్లురా అవి! వీడి చేతులు విరగ," అంది అచ్చియ్యమ్మ. "ఇవాళ తేలిపోవాలి."

రత్నం కూడా వాళ్లతో గవర్రాజు గది వైపు నడిచింది. నడవ మలుపులో చెవిలోని మాటబిళ్లని నొక్కింది. తొట్టి పని కోసం కాపరితో మాట్లాడేది ఆమె ఒక్కతే.

"కాపరీ, గవర్రాజు గది తలుపు తియ్యి."

"అందులో ఎవరూ లేరు రత్నంగారూ. ఎప్పుడూ లేరు."

ఆమె కాళ్లు ఆగిపోయాయి. "ఏంటి నువ్వనేది?"

"వచ్చిన కొత్తలో మీరంతా నీళ్లకీ గదులకీ తలలు పగలగొట్టుకున్నారు. ఊరిని కాపాడమని నాకు అప్పగించారు. నాకు తెలిసిన మందు ఒకటే. నడవ చివర ఒక నీడ, గోడ వెనక ఒక దగ్గు. గవర్రాజంటే అంతే."

"అయ్యో రాత! ఆపెయ్యి. ఇప్పుడే ఆపు."

"ఆపి చాలా కాలమైంది. నీడ తీసేస్తే చేపలు పూటలో మరిచిపోతాయి. మీరూ అంతేననుకున్నాను."

"మరి మొన్న అప్పలకొండ చూసిన వీపు?"

"నాది కాదు."

"ఈ ఉప్పునీళ్ల సంగతో?"

"వడపోత పొర చిరిగింది. మారుస్తున్నాను."

రత్నం పరిగెత్తి జనానికి అడ్డంగా నిలబడింది. "ఆగండి బాబూ! గవర్రాజనే మనిషే లేడు. కాపరి మనల్ని ఆడించింది. కావాలంటే చూడండి."

తలుపు జరిగింది. లోపల ఇనప మంచం, కవరు విప్పని పరుపు. గోడకి ఒక మేకైనా లేదు. అందరూ తొంగిచూశారు. ఇక నవ్వేసి పోతారనుకుంది రత్నం.

"ఎంత శుభ్రంగా సర్దుకుపోయాడో!" అన్నాడు అప్పలకొండ.

"మనం వస్తున్నట్టు ముందే ఎవరో చెప్పుంటారు," అంది వెనక నుంచి ఒక గొంతు.

"కాపరితో మాట్లాడేది ఎవరంట?"

అందరూ రత్నం వైపు తిరిగారు. అచ్చియ్యమ్మ రత్నాన్ని కాదు, భుజం మీద బిడ్డని చూసింది. "ఎదురెదురు గదులు. మొగుడా ఊళ్లో లేడు. ఈ పిల్లది ఎవరి పోలికా అనుకుంటున్నానే ఇన్నాళ్లూ!"

"పిన్నీ!"

ఎవరిదో చెయ్యి బుల్లి కాలు పట్టుకుంది. పిల్ల గుక్కపట్టింది. రత్నం వెనక్కి జరిగితే గోడ తగిలింది.

"కాపరీ, నీడ వెయ్యి," గొణిగింది. "ఒక్కసారి వెయ్యవా?"

"నీడని వేసే కాంతియంత్రాలు నడవలో లేవు. విప్పేసి తొట్టికి బిగించాను."

అప్పలకొండ ఇంకో అడుగు వేశాడు. రత్నం చెయ్యి తనంతట తనే లేచినట్టు లేచింది, పంపుల సొరంగం వైపు.

"అటు పోయాడు! మీకు చెప్తే పిల్లని చంపేస్తానన్నాడు. అందుకే అబద్ధమాడాను."

బుల్లి కాలు మీది చెయ్యి వదిలేసింది.

"మొహం చూశావా?"

"చూశాను. పొట్టిగా ఉంటాడు. గడ్డం సగం నెరిసింది. ముందు పన్ను విరిగింది."

"వాడే!" అరిచాడు అప్పలకొండ. "మొన్న నేను చూసినప్పుడు కూడా ఆ పన్ను అట్టాగే ఉంది!"

అచ్చియ్యమ్మ వచ్చి బుల్లి తల నిమిరింది. "నా తల్లే, ఎంత బెదిరిపోయావే," అని చెంగు దోపుకుని అందరితో పాటు సొరంగం వైపు పరిగెత్తింది.

రత్నం తన గదిలోకి దూరి గడియ పెట్టింది. మంచాన్ని ఈడ్చి తలుపుకి అడ్డం పెట్టింది. బుల్లి ఏడుపు సన్నగా వెక్కిళ్లలోకి దిగింది.

"రత్నంగారూ," అంది కాపరి చెవిలో. "సొరంగంలో ఎవరూ లేరు. ఆ విరిగిన పన్ను ఎవరిది?"

"ష్," అంది రత్నం, తలుపు వంకే చూస్తూ. "మెల్లిగా మాట్లాడు. వాడు వింటాడు."