బందు రోజు ఎగిరిన డ్రోన్

రాజయ్య శవం పిల్లర్ చువ్వల మీద బోర్లా గుచ్చుకుని ఉంది.

పునాది గుంతలోంచి నిలబెట్టిన ఇనుప చువ్వలు నాలుగు. రెండు పొట్టలోంచి దూసుకొచ్చాయి. ఒకటి మెడ కింద దిగి వీపులో తేలింది. తల వెనక పుర్రె పగిలి ఉంది. గట్టు మీద రక్తం అంటిన సెంట్రింగ్ రాడ్డు పడి ఉంది.

ఎస్సై సామేలు వాచీ చూసుకున్నాడు. శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండూ ఐదు.

కోరుట్ల నుంచి ఇబ్రహీంపట్నం పోయే రోడ్డు పక్కన కడుతున్న ఫంక్షన్ హాలు అది. రాజయ్య ఆ సైటుకు సూపర్‌వైజర్. ప్రత్యేక రాష్ట్రం కోసం ఇచ్చిన నలభై ఎనిమిది గంటల బందులో అది రెండో రోజు. కూలీలంతా ఇళ్లకు పోయారు. శవాన్ని మొదట చూసింది రాజయ్య బిడ్డ సౌమ్య. తండ్రికి అన్నం తెచ్చింది పాపం. గిన్నె ఇంకా గట్టు మీదే ఉంది.

సామేలు మెట్లెక్కి ఫస్ట్ ఫ్లోర్ స్లాబు మీద కూడా చూశాడు. అక్కడ రక్తం లేదు, పెనుగులాట గుర్తులు లేవు. నీళ్లలో కాలుపెట్టి బూట్లు తడుపుకుని దిగొచ్చాడు. ఆ నీళ్ల సంగతి అప్పుడే ఆలోచించనందుకు తర్వాత తనను తానే తిట్టుకున్నాడు.

రెండు గంటలకల్లా ముద్దాయి దొరికిపోయాడు. అసలు పోలీసులు వెతకనే లేదు. రాజయ్య బావమరుదులే, రోడ్డు మీద ఉద్యమకారులు పెట్టిన వంటావార్పు క్యాంపులోంచి సంజీవ్‌ను ఈడ్చుకొచ్చి తన్నారు. పోలీసులు లాఠీలు ఝళిపించి వాణ్ని జీపులో వేసేసరికి రెండు పళ్లు రాలాయి, ఒక కన్ను మూసుకుపోయింది.

సంజీవ్ ఆ సైటులోనే కూలీ. ఉద్యమమంటే ప్రాణం పెడతాడు. బుధవారం స్లాబు పోసేటప్పుడు రాజయ్యతో గొడవపడ్డాడు. "బందు రోజు ఎవడన్న పనికి అస్తే కాళ్లిరుగుతయ్" అని అందరి ముందూ అన్నాడు. పైగా శుక్రవారం తొమ్మిదిన్నరకు క్యాంపులోంచి మాయమై పదిన్నరకు తిరిగొచ్చాడు.

"ఆ గంట ఎక్కడున్నవ్?" సామేలు అడిగాడు.

"ఇంటికి పోయిన."

"ఎందుకు?"

సంజీవ్ నెత్తురు ఉమ్మేశాడు. నోరు మాత్రం విప్పలేదు.

వాడి మెడకు ఉరి బిగించిన సాక్ష్యం మరొకటుంది. డ్రోన్ ఫొటో.

సిరిసిల్ల మధుకర్ పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. మరమగ్గాలు నడిపే ఇంట్లో పుట్టి, మగ్గం వదిలేసి నాలుగు రెక్కల డ్రోన్ కొన్నాడు. అప్పట్లో అదో వింత. ఫంక్షన్ హాలు ఓనరు దుబాయ్‌లో ఉంటాడు. పని ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి వారం వారం పైనుంచి ఫొటో తీసి పంపమని మధుకర్‌ను పెట్టుకున్నాడు.

"ఎన్నింటికి ఎగిరేసినవ్?"

"తొమ్మిదీ పదికి సార్. ఫొటో మీదనే తారీకు, టైము ఉన్నయ్."

"రాజయ్య బతికే ఉన్నడా?"

"గిదో, స్లాబు మీద నిలబడి నాకు చెయ్యి ఊపిండు, సూడుండ్రి."

"తర్వాత?"

"తొమ్మిదీ ఇరవైకి వంటావార్పు కాడున్న. రెండొందల మంది చూసిండ్రు."

సైటు నుంచి క్యాంపుకు మోటార్ సైకిల్ మీద సరిగ్గా పది నిమిషాలు. చావు ఏడుకూ పదిన్నరకూ మధ్య జరిగిందని డాక్టరు చెప్పాడు. తొమ్మిదీ పదికి రాజయ్య బతికే ఉంటే, మిగిలింది సంజీవ్ మాయమైన గంటే. అరెస్టు రాసిన ఇరవై నాలుగు గంటల్లో, అంటే శనివారం సాయంత్రం ఐదింటికల్లా, జగిత్యాలలో మేజిస్ట్రేటు ముందు హాజరు పెట్టాలి. మర్డర్ కేసు. ఒకసారి లోపలికి పోతే ఆ పేదింటి పిల్లాడికి బెయిలెవరిస్తారు?

శనివారం రెండు గంటలకు సంజీవ్ తల్లి కొమురమ్మ స్టేషన్‌కు వచ్చింది.

"సారూ, నా కొడుకు ఆ గంట ఇంట్ల నాతోనే ఉన్నడు."

"ఎందుకొచ్చిండు అవ్వా?"

కొడుకు మూసిన నోరే తల్లీ మూసింది. సామేలుకు ఒళ్లు మండింది. కసురుకోబోయి ఆమె చేతులు చూసి ఆగిపోయాడు. అరచేతులు పగిలి ఉన్నాయి. గోళ్ల సందుల్లో బూడిదరంగు సిమెంటు. సామేలు తల్లి ఇరవై ఏళ్లు స్లాబులకు నీళ్లు పట్టింది. ఆ చేతులు అతనికి కొత్త కాదు.

"స్లాబు మీద నీళ్లు ఎవరు పట్టిండ్రు?"

కొమురమ్మ అరచేతులు కొంగులో దాచుకుంది.

"తప్పయింది సారూ. గురువారం మాపటికి ఎన్క తొవ్వల నుంచి పోయిన. గీ ఎండకు స్లాబు పగులుతదని రాజయ్య బతిమిలాడిండు. సిమెంటుతోని మడులు కట్టి నీళ్లు నింపిన. శుక్రవారం పొద్దుగాల నా కొడుక్కు ఎవరో చెప్పిండ్రట. క్యాంపుల నుంచి ఉరికచ్చి లొల్లి వెట్టిండు. గిది బయటవడితె వాని ఇజ్జత్ పోతదని..."

ఆమె మాట పూర్తి కాలేదు. సామేలు అప్పటికే ఫొటో బయటికి తీశాడు.

మూడున్నరకు మధుకర్‌ను కూర్చోబెట్టాడు. ఎదురుగా సంజీవ్, కొమురమ్మ. గుమ్మంలో రాజయ్య పెద్ద బావమరిది వెంకటి.

"మధుకర్, పోసిన స్లాబును ఎండకు వదిలేస్తారా?"

"నాకేం ఎరుక సార్? నేను మేస్త్రీనా?"

"కాదు. అదే నిన్ను పట్టిచ్చింది. స్లాబు గట్టిపడంగనే పొలం మడుల లెక్క చిన్న కట్టలు కట్టి నీళ్లు నిలపాలె. గురువారం మాపటికి గీ అవ్వ ఆ పని చేసింది. శుక్రవారం నా బూట్లు తడిసినయ్." సామేలు ఫొటోను ముందుకు తోశాడు. "మరి శుక్రవారం పొద్దుగాల తీసిన నీ ఫొటోల మడులేవి? నీళ్లేవి?"

మధుకర్ ఫొటోను దగ్గరికి లాక్కుని చూశాడు.

"గిది గురువారం పొద్దుగాల తీసిన ఫొటో. తారీకు ఒక్కటే మార్చినవ్. బందు గదా, పనికి ఎవరూ రారు, స్లాబు అట్లనే ఉంటదనుకున్నవ్. కింద పనికానిచ్చి క్యాంపుకు ఉరికినవ్. శుక్రవారం నిజంగ ఒక్కసారి ఎగిరేసినా నీళ్లు కనబడేవి."

"మోటివ్ ఏంది సార్? నాకు రాజయ్యతోని పగ లేదు!"

"మధ్యాహ్నం నీ డ్రోన్ తెప్పించి, మెమరీ కార్డుల చెరిపేసిన వీడియోలు బయటికి తీయించిన. కూలోళ్ల తడకలకు పైన కప్పు లేదు. ఆడోళ్లు తానాలు చేస్తుంటే పైనుంచి తీసినవ్. సౌమ్య గూడ ఉంది. రాజయ్య నిన్ను నిలదీసిండు. ఎన్క నుంచి రాడ్డుతోని కొట్టి గుంతల నూకినవ్. అవునా, కాదా?"

మధుకర్ బల్లను తన్ని తలుపు వైపు దూకాడు. వెంకటి వాడి జుట్టు పట్టి మొహాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. ఇద్దరు కానిస్టేబుళ్లు విడదీయడానికి కొంచెం ఆలస్యమైంది. తొందరపెట్టాలని సామేలుకూ అనిపించలేదు.

"రాజయ్య పోలీసోళ్లకు చెప్తనన్నడు సార్..." మధుకర్ నేల మీద నెత్తురు కక్కుతూ ఏడ్చాడు.

సామేలు సంజీవ్ బేడీలు విప్పించి, కాగితం తీసుకుని కొమురమ్మ వైపు తిరిగాడు.

"అవ్వా, నీ స్టేట్‌మెంట్ కావాలె. గురువారం ఎక్కడికి పోయినవో చెప్పు."

కిటికీ అవతల సంజీవ్ కోసం వచ్చిన క్యాంపు మనుషులు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. కొమురమ్మ వాళ్లను చూసింది.

సంజీవ్ లేచి తల్లి పక్కకు వచ్చి నిలబడ్డాడు. వాచిన పెదవులతో మాట ముద్దగా వచ్చింది.

"బందు రోజు పనికి పోయిన అని చెప్పవే అవ్వా. ఆళ్లందరికి ఇనబడేటట్టు చెప్పు."