సాంచల షెడ్డులో కారు మాయం

సిరిసిల్లలో దశరథం సాంచల షెడ్డు, అంటే మరమగ్గాల షెడ్డు. అందులో ఉండాల్సిన హైబ్రిడ్ కారు మాయమై ఇది మూడో రోజు.

ఎస్సై శారదకు విసుగు నెత్తికెక్కింది. ఒక తాళంచెవి దశరథం ఇంట్లోనే ఉంది. సర్వీసింగ్‌కని ఇచ్చిన రెండోది కోరుట్ల మెకానిక్ రాజేందర్ దగ్గరుంది. సందులో సీసీ కెమెరా ఉంది, అలంకారానికి. జగిత్యాల దాకా గాలించినా కారు జాడ లేదు. దశరథం ఫిర్యాదు కాయితంలో రాసింది రాజేందర్ పేరే. పైనుంచి కూడా ఒకటే పోరు, రాజేందర్ మీద కేసు రాసెయ్యమని.

"కేసైతే నా దుబాయ్ వీసా పోతది మేడం." షెడ్డుకు పిలిపించిన రాజేందర్ చేతులు జోడించాడు. "బండి నిలవడితే చిన్న బ్యాటరీ దిగుతదన్నరు. వైరింగ్ మార్చి, ఛార్జర్ వెట్టిచ్చిన. గంతే!"

గోడకున్న ఆ ఛార్జర్‌ను శారద ఇరవైసార్లు చూసింది.

"దీనికి కరెంటు ఏడికెళ్లి వస్తది?"

"సాంచల లైన్‌కెళ్లి."

"సాంచలు ఎప్పుడు నడిచినయ్?"

"నూలు లేక నెలాయె," అన్నాడు దశరథం. "మెయిన్ బంద్ వెట్టిన. కారు గూడ నెల సంది తియ్యలే."

ఛీ! కళ్లముందున్నది కనబడలేదే, అని శారద తనను తానే తిట్టుకుంది. నెలగా ఛార్జర్‌కు కరెంటు లేదు. బ్యాటరీ చచ్చే ఉంటుంది. మరి కారెట్లా కదిలింది?

మెయిన్ డబ్బా తీయించి చూసింది. షెడ్డంతా దూది దుమ్ము. మెయిన్ హ్యాండిల్ మాత్రం శుభ్రంగా ఉంది.

"రాజేందరైతే జంపర్ కేబుల్ తెచ్చి, ఇంకో బండి బ్యాటరీతోని స్టార్ట్ చేసుకుంటుండె," అంది శారద. " మెయిన్‌తోని ఏం పని? ఎవరో మెయిన్ వేసి, బ్యాటరీ ఎక్కినంక కారు తీసిండ్రు. మళ్ల బంద్ వెట్టిండ్రు. డబ్బా తాళం యాడుంటది?"

"ఇంట్ల. కారు పోయిన దినం నేను కోరుట్ల పెండ్లికి పోయిన. ఇంట్ల నా బిడ్డ సౌమ్య ఒక్కతే..." దశరథం గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో నిలబడ్డ సౌమ్య ముందుకొచ్చింది.

"నేనే మేడం. కారు మెట్‌పల్లిల దోస్తు ఇంట్ల వెట్టిన. నాయినకు కండ్లు అవుపడ్తలేవు. నెల కింద కారు నడుపుకుంట ఎదురుంగ అచ్చే ఆటోను జూడలే. ఆపరేషన్ అంటే ఇనడు."

"మూడు దినాలు నోరెందుకు మూసుకున్నవ్? రాజేందర్ బతుకు ఆగమైతుండె!" శారద మండిపడింది.

"చెప్తే మళ్ల స్టీరింగ్ వడ్తడు. రాజేందరన్న మీదికి పోతదనుకోలే."

"నా కండ్లకేమైంది?" దశరథం కస్సుమన్నాడు.

శారద ఛార్జర్ వైపు చెయ్యి చూపింది. "దాని మీద ఏ లైటు వెలుగుతున్నది?"

"పచ్చది."

"మెయిన్ ఇంకా బందే ఉన్నది. లైటే లేదు," అంది శారద.

దశరథం కూతురి కోసం చెయ్యి గాలిలోకి చాచాడు.

"బిడ్డా, రాజేందర్ మీది ఫిర్యాదు కాయిదం వాపస్ తీసుకుంట. యాడ సంతకం వెట్టాల్నో జర చెయ్యి వట్టి చూపియ్యి."